ఉగ్గు పిండికి మా వీధి మిషను: ఎనిమిది నెలల అనుభవం

తిరుపతిలో మేముండే కాలనీలో, పాల బూతుకు ఎదురు సందులో, రెండు షట్టర్ల గదిలో ఒక పిండి మిషను నడుస్తోంది. దానికి బోర్డు లేదు. పట్టా తిరిగే చప్పుడును బట్టి, వీధిలోకి వచ్చే మిరప ఘాటును బట్టి కొత్తవాళ్ళు దాన్ని గుర్తుపడతారు. నాలుగేళ్ళ పాప, పధ్నాలుగు నెలల బాబు ఉన్న తల్లిగా గత ఎనిమిది నెలల నుంచి నేను నెలకు ఒకటి రెండుసార్లు అక్కడికి వెళుతున్నాను. సంగటికో మురుకులకో పిండి పట్టించుకునేవారికి ఈ మిషను మంచిదేనని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కానీ చంటిబిడ్డ నోట్లోకి వెళ్ళే ఉగ్గు పిండిని అక్కడ నమ్మకంగా పట్టించవచ్చా, పట్టిస్తే ఏయే జాగ్రత్తలు పడాలి, ఇంట్లో ఇద్దరు పసివాళ్ళను పెట్టుకుని ఆ పని సాగుతుందా అన్న ప్రశ్నలకు ఒక్క మాట చాలదు కనుక వివరంగా రాస్తున్నాను.

బాబుకు ఆరు నెలలు నిండినప్పుడు పిల్లల డాక్టరు, తల్లిపాలు మాన్పించకుండానే రోజుకు రెండు మూడుసార్లు మెత్తటి ఆహారం మొదలుపెట్టమని చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు కూడా ఇదే: ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత రెండేళ్ళ వరకు, వీలైతే ఇంకా ఎక్కువ కాలం, తల్లిపాలతో పాటు ఇంటి ఆహారం. పాప విషయంలో నేను డబ్బా పిండి మీదే ఆధారపడ్డాను. అప్పుడు మా వారి ఉద్యోగం వేరే ఊరిలో ఉండేది. అక్కడ దగ్గరలో మిషనూ లేదు, చేసి చూపించే పెద్దదిక్కూ లేదు. డబ్బా వెనక చిన్న అక్షరాలలో ఉండే పదార్థాల పట్టికను పాపకు రెండేళ్ళు వచ్చిన తరువాత గానీ నేను చదవలేదు, అందులో చక్కెర ఉన్నదని అప్పుడే తెలిసింది. తియ్యదనం లేని ఏ ముద్దనూ పాప ఒప్పుకోకపోవడానికి అదొక్కటే కారణమని నేను అనడం లేదు గానీ, రెండో బిడ్డకు ఏం పెడుతున్నానో నాకు గింజ గింజా తెలిసి ఉండాలని ఆనాడే నిశ్చయించుకున్నాను. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకాలలో స్పష్టంగా ఉంది.

రాగుల మొలకల పిండి ఎలా చేయాలో మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి వారం రోజులు ఉండి నేర్పించారు. కిలో రాగులను నాలుగైదు నీళ్ళలో కడిగి, మట్టీ రాళ్ళూ అడుగున దిగేటట్టు గాలించి, రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి నీళ్ళు వంచేసి తడి గుడ్డలో మూట కట్టి ఉంచితే ఒకటిన్నర రోజులో తెల్లటి మొలకలు వస్తాయి. వాటిని నీడలో ఆరబోసి, పూర్తిగా ఎండాక అరచేతులతో నలిపి వేర్లు చెరిగేసి, సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చాలి. చదవడానికి ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది. ఉదయం తొమ్మిదింటికి పాపను బడిలో దింపి, బాబును నిద్రపుచ్చి, మధ్యాహ్నం పన్నెండున్నరకు మళ్ళీ పాపను తెచ్చుకునే ఇంట్లో ఈ పని మూడు నాలుగు రోజులపాటు ముక్కలు ముక్కలుగా సాగుతుంది. మే నెల ఎండల్లో మూటను గంట ఎక్కువ ఉంచినా పులిసిన వాసన వచ్చి గింజలు పారేయవలసి వస్తుంది. నవంబరు ముసురులో మూడు రోజులైనా ఆరవు. అప్పుడు పడకగదిలో ఫ్యాను కింద దుప్పటి పరిచి ఆరబోశాను, ఆ రెండు రాత్రులూ మేము నలుగురం హాల్లో పడుకున్నాము. ఇంత శ్రమ పడి తెచ్చిన గింజలు మిషను దగ్గర పాడైతే ఎంత కష్టంగా ఉంటుందో చెప్పడానికే ఇదంతా రాశాను.

మిషనును భార్యాభర్తలు ఇద్దరూ నడుపుతారు. ఆయనను అందరం అన్నా అని, ఆమెను అక్కా అని పిలుస్తాము. గదిలో మూడు యంత్రాలు ఉన్నాయి. లోపలి మూలలో ఉన్నది మిరపకాయలకు, ధనియాలకు, పసుపు కొమ్ములకు. మధ్యది గోధుమలకు, బియ్యానికి. గుమ్మానికి దగ్గరగా ఉన్న చిన్నది రాతి మర. రాగులు, జొన్నలు, పిల్లల పిండి దీనిలో పడతారు. కిలోకు 15 రూపాయలు తీసుకుంటున్నారు, కిలో కన్నా తక్కువ తెచ్చినా కిలో లెక్కే కడతారు. ఆ లెక్కలో నాకు అన్యాయం కనబడలేదు, ఎందుకంటే అర కిలో గింజలకైనా మరను తుడవడం, రాళ్ళను సరిచేయడం అంతే పని.

ఆయన చేతి పనిలో నాకు అన్నిటికన్నా నచ్చినది రాళ్ళ మధ్య సందును బిగించే తీరు. ఆరేడు నెలల బిడ్డకు పిండి మెత్తగా, వేళ్ళ మధ్య నలిపితే గరుకు తగలకుండా ఉండాలి. తొమ్మిది నెలలు దాటాక కొద్దిగా రవ్వగా ఉంటేనే బిడ్డకు నమలడం అలవాటవుతుంది. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం. నేను మొదటిసారి డబ్బా ఇచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "పిల్లోడికి ఎన్ని నెలలమ్మా?" అని. నెలలు విని, పైనున్న చక్రాన్ని ఎంత తిప్పాలో అంత తిప్పి, గుప్పెడు గింజలు పోసి, వచ్చిన పిండిని నా అరచేతిలో వేసి చూడమన్నారు. తరువాత ప్రతిసారీ అలాగే చేశారు. ఇంట్లో మిక్సీ జారులో ఎంతసేపు తిప్పినా రాగుల పొట్టు చిన్న చిన్న పలుకులుగా మిగిలిపోతుంది, జారు వేడెక్కి పిండి వాసన మారుతుంది. రాతి మర పిండికి ఆ ఇబ్బంది లేదు.

ఇక జరిగిన పొరపాటు గురించి రాయాలి. బాబుకు ఎనిమిదో నెల నడుస్తుండగా పాపకు జ్వరం వచ్చింది. ఆ రోజు మిషను దగ్గర నిలబడే వీలు లేక, డబ్బా మీద పేరు రాసిన కాగితం అంటించి ఇచ్చేసి, సాయంత్రం మా వారిని పంపి తెప్పించుకున్నాను. మరునాడు ఉదయం ఉగ్గు కాచి బాబుకు రెండో చెంచా పెట్టేసరికి వాడు ముఖమంతా ఎర్రబడి గుక్కపట్టి ఏడ్చాడు. కడుపునొప్పేమో అనుకుని భుజాన వేసుకుని వీపు నిమిరాను, ఎంతకీ ఊరుకోలేదు. చివరకు గిన్నెలోని ఉగ్గును నేను నాలుక మీద వేసుకుంటే పెద్దవాళ్ళు సరిగా గమనించలేనంత సన్నటి మిరప కారం తగిలింది. పాలు పట్టి, నోరు తుడిచి, గంట తరువాత వాడు నిద్రపోయినా నా చేతుల వణుకు తగ్గలేదు. బిడ్డకు పెట్టే ముందు నేను రుచి చూసి ఉండవలసింది. అప్పటి నుంచి ఒక్క పూట కూడా రుచి చూడకుండా పెట్టలేదు.

మధ్యాహ్నం డబ్బా తీసుకుని మిషనుకు వెళ్ళాను. గట్టిగా మాట్లాడాలనే వెళ్ళాను గానీ ఆయన పిండిని నోట్లో వేసుకుని చూసి, ఒక్క మాట ఎదురు చెప్పకుండా అక్కడే విషయం కనిపెట్టారు. మరలో తప్పు లేదు. పిండి వచ్చి పడే గొట్టానికి కట్టే గుడ్డ సంచి ఉతకడానికి వేసినందువల్ల ఆ రోజు పనికి వచ్చిన కుర్రవాడు లోపలి యంత్రం సంచిని తెచ్చి దీనికి కట్టాడు. అక్క తమ ఇంట్లోని కిలో రాగులు తెచ్చి పట్టించి డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. అవి మొలకెత్తించినవి కావు, అయినా ఆ వారం నాకు అవే ఆధారమయ్యాయి. ఆ తరువాత చిన్న మరకు పసుపు పచ్చ గుడ్డతో వేరే సంచి కుట్టించి, పిల్లల పిండికి తప్ప దేనికీ వాడకుండా గోడకు విడిగా తగిలిస్తున్నారు. పొరపాటు చేసినవారు దాన్ని ఒప్పుకుని దారి మార్చుకోవడం నేను చాలా చోట్ల చూడలేదు కాబట్టి ఈ మిషనును విడిచిపెట్టలేదు. అయితే డబ్బా వదిలేసి వెళ్ళడం మాత్రం మానేశాను, చంటిపిల్లల తల్లులెవరూ అలా చేయవద్దని నా గట్టి సలహా.

నిలబడి పట్టించుకునేవారు గమనించవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మనకన్నా ముందు మరలో ఏం పట్టారో అడగాలి, ఎందుకంటే ముందరివారి పిండి కొంత రాళ్ళ సందుల్లో మిగిలే ఉంటుంది. నేను విడిగా ఒక గుప్పెడు బియ్యం తీసుకెళ్ళి ముందు అవి పోయించి, ఆ పిండిని పక్కన పెట్టించి, తరువాతే బాబు గింజలు పోయిస్తాను. గోధుమ గానీ సోయా గానీ పడని పిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త కూడా చాలదు, అటువంటివారు బయట పట్టించకపోవడమే మంచిది. మరొకటి, రాళ్ళు అరిగినప్పుడు గంట్లు కొట్టిస్తారు. అలా కొట్టించిన రోజున మొదట వచ్చే పిండిలో రాతి పొడి కలిసే అవకాశం ఉంది. అడిగితే అన్న నిజమే చెబుతారు. ఒకసారి నేను అడగకముందే "ఈ రోజు వద్దమ్మా, రేపు రా" అని వెనక్కి పంపారు. బాబును ఎత్తుకుని ఎండలో అంత దూరం వచ్చినందుకు ఆ క్షణం విసుగు పుట్టినా, ఆ మాట తరువాతే నాకు ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది.

వేరుశెనక్కాయలు, బాదం వంటివి రాగులతో కలిపి ఇవ్వకూడదు. వాటి నూనెకు పిండి ముద్దగా మారి రాళ్ళకు అంటుకుపోతుంది, తరువాతివారి పిండి కూడా చెడుతుంది. పైగా నూనె గింజలు కలిసిన పిండి తొందరగా మక్కిన వాసన వేస్తుంది. వేరుశెనగ పొడి కావలసినప్పుడు నేను ఇంట్లోనే నాలుగైదు రోజులకు సరిపడా కొట్టుకుని ఉగ్గులో చివర కలుపుతాను. పొడి అయితే ఫరవాలేదు గానీ గింజను గింజగా అయిదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది కనుక ఇంటికి రాగానే పళ్ళెంలో పరిచి చల్లార్చి డబ్బాకు ఎత్తుకోవాలి. వేడి మీదే మూత పెడితే లోపల చెమ్మ పట్టి పది రోజులకే బూజు వస్తుంది. ఒక్క నెలకు సరిపడా మాత్రమే పట్టిస్తే చాలు.

ఇంత శ్రమకు ఫలితం ఉందా అని మా చెల్లెలు అడిగింది. మొలకెత్తిన గింజలో పిండి పదార్థాన్ని విడగొట్టే ఎంజైములు పుడతాయి. అందువల్ల మామూలు రాగి పిండి రెండు చెంచాలకే గట్టిపడే చోట మొలకల పిండి మూడు చెంచాలు వేసినా జావగానే ఉంటుంది. చిన్న పొట్టలో అంతే పరిమాణంలో ఎక్కువ బలం వెళుతుందన్నమాట. ఇది నేను మా వంటగదిలో పక్కపక్కన రెండు గిన్నెలు పెట్టి కాచి చూసుకున్న విషయం కూడా. గింజలోని ఇనుమును, కాల్షియాన్ని శరీరానికి అందకుండా పట్టి ఉంచే ఫైటేట్లు కూడా మొలకెత్తడం వల్ల తగ్గుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఆ కాల్షియంలో చాలా భాగం గింజ పొట్టులో ఉంటుంది కనుక, మొదటి రెండు నెలలు పలుచటి గుడ్డలో జల్లించి వాడినా, బాబుకు అరుగుదల కుదిరిన తరువాత జల్లించడం మానేశాను. అయితే రాగి ఒక్కటే అన్నీ ఇవ్వదు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు అన్నీ ఒక్కొక్కటిగా మొదలుపెట్టాను. రాగులు తినని రోజు పెద్ద గండం వచ్చినట్టు కంగారు పడవలసిన పనీ లేదు.

రాగులు మా ప్రాంతానికి కొత్తవి కావు. తిరుపతి పక్కనున్న పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానంలో రూపొందించిన ఒక రాగి రకానికి వకుళ అని పేరు పెట్టారు. స్వామిని పెంచిన తల్లి పేరు అది. ఆమె గుడి మాకు దగ్గరలోనే పేరూరు గుట్ట మీద ఉంది. నేను కొనే రాగులు ఏ రకమో అంగడిలో ఎవరూ చెప్పలేరు గానీ, గింజలు గాలిస్తున్నప్పుడల్లా నాకు ఆ పేరు గుర్తుకు వస్తుంది.

సౌకర్యం విషయంలో మాత్రం ఈ మిషనుకు మంచి మాట చెప్పలేను. కూర్చోవడానికి ఒక బల్ల కూడా లేదు. గుమ్మం ముందు రెండు ఎత్తైన మెట్లు ఉన్నాయి; చంకలో బిడ్డ, మరో చేతిలో డబ్బా ఉన్నప్పుడు అవి ఎక్కడం ప్రమాదం. లోపల పిండి ధూళి, చప్పుడు పసివాళ్ళు భరించలేనివి, అందుకే నేను గుమ్మం బయటే నిలబడి చూస్తాను. అన్నిటికన్నా నాకు ఆందోళన కలిగించేది మధ్య యంత్రం పట్టా. దానికి ఒక పక్క జాలీ ఉంది, మరో పక్క లేదు. తల్లుల వెంట వచ్చిన పిల్లలు అక్కడక్కడే తిరుగుతుంటారు, పట్టాకు చేయి తగిలితే జరిగేది ఊహించడానికే భయం వేస్తుంది. ఈ సంగతి అన్నకు రెండుసార్లు చెప్పాను. చేయిస్తానన్నారు, ఇంకా చేయించలేదు. పిల్లల పిండికి విడిగా సంచి కుట్టించిన మనిషి ఆ జాలీ కూడా తప్పక వేయించాలి. వేయించేవరకు పాపను నేను లోపలికి రానివ్వను, మిగతావారు కూడా రానివ్వకూడదు.

వేళలు కూడా మాలాంటివారికి అనుకూలమైనవి కావు. ఉదయం పదింటికి తెరిచి ఒంటిగంటకు మూసేస్తారు, మళ్ళీ నాలుగు నుంచి ఎనిమిది వరకు. బాబు నిద్ర పది నుంచి పదకొండున్నర వరకు, పాప బడి వదిలేది పన్నెండున్నరకు. ఈ రెంటి మధ్య ఉన్న గంటలోనే వెళ్ళి రావాలి. కరెంటు పోతే ఆ గంట కూడా దక్కదు. మే నెలలో గంగమ్మ జాతర వారం వస్తే బియ్యప్పిండికి, అంబలి కోసం రాగులకు జనం బారులు తీరుతారు, ఆ రోజుల్లో వెళ్ళకపోవడమే మేలు. ఇటీవల అక్కను అడిగితే, శుక్రవారం ఉదయం మరను కడిగి తుడిచి సాంబ్రాణి వేసిన తరువాత మొదటి పిండిగా చంటిపిల్లలవే పడతామని ఒప్పుకున్నారు. ఇప్పుడు మా వీధి నుంచి ముగ్గురం తల్లులం శుక్రవారమే వెళుతున్నాము. ఒకరు పిల్లలను బయట చూసుకుంటే మిగతా ఇద్దరం మర దగ్గర నిలబడతాము.

ఖర్చు చూస్తే, కిలో రాగులు నాకు 55 రూపాయలకు దొరికాయి. పట్టించడానికి 15 కలిపితే 70 రూపాయలకు బాబుకు దాదాపు నెల గడుస్తుంది. పాప చిన్నప్పుడు ఆరు రోజులకు ఒక డబ్బా చొప్పున కొన్నదానితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. అయినా ఉద్యోగానికి వెళ్ళే తల్లికి, ఇంట్లో మరో పెద్ద చేయి లేని తల్లికి ఈ పద్ధతినే పాటించమని నేను చెప్పను. గింజలు ఆరబోసే నాలుగు రోజుల శ్రమకు ఈ 70 రూపాయలలో లెక్క కట్టలేదు. డబ్బా పిండి కొనే తల్లి తన బిడ్డకు తక్కువ చేస్తున్నట్టు ఎవరూ అనుకోకూడదు. పట్టిక చదివి, చక్కెర లేనిది చూసుకుని కొంటే చాలు.

అదే మిషనులో పాప కోసం పొట్టు మినుములు వేయించి సున్నుండల పిండి కూడా పట్టిస్తున్నాను. తియ్యనిది తప్ప ముట్టని పిల్ల, ఇప్పుడు బెల్లం తగ్గించి చుట్టిన ఉండలను అడిగి తింటోంది. పిండి జల్లించేటప్పుడు పక్కన కూర్చుని తమ్ముడి డబ్బా ఏది, తన డబ్బా ఏది అని తానే సర్దిపెడుతుంది. ఈ గురువారం రాత్రి మళ్ళీ రాగులు వేయించాలి, మొలకలు ఈసారి బాగా వచ్చాయి. శుక్రవారం పదింటికి గుమ్మం బయట నిలబడేవారిలో మొదటి వంతు నాదే.